ఒకే రాణికి ఎన్ని ముఖాలు? విక్టోరియా పాలరాతి బస్టు చుట్టూ ఉన్న చిక్కుముళ్లు

2017లో బ్రిటన్ ప్రభుత్వం ఒక పాలరాతి తలను దేశం దాటకుండా ఆపింది. అది విక్టోరియా రాణి బస్టు, శిల్పి ఆల్ఫ్రెడ్ గిల్బర్ట్. రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన 1887 స్వర్ణోత్సవం సందర్భంగా లండన్‌లోని ఆర్మీ అండ్ నేవీ క్లబ్ ఆయనతో చేయించుకుంది. అది అమ్ముడై విదేశానికి వెళ్లే దశకు వచ్చేసరికి ఎగుమతి లైసెన్సును వాయిదా వేశారు. ధర 10 లక్షల పౌండ్లకు పైనే. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో 8 కోట్లు దాటుతుంది. చివరికి కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియం దాన్ని కొన్నది.

ఈ సంగతి చదివిన ఎవరికైనా వెంటనే ఒక అనుమానం వస్తుంది. విక్టోరియా బొమ్మలకు కరువేముంది? లండన్ నుంచి సిడ్నీ దాకా, కోల్‌కతా నుంచి కెనడా దాకా ఊరూరా ఆమె విగ్రహాలు నిలబెట్టారు. కొన్ని ఊళ్లలో వాటిని తీసేసి గోదాముల్లో పడేశారు కూడా. ఒకే మనిషి బొమ్మ ఒకచోట జాతీయ సంపద, ఇంకోచోట అక్కర్లేని బరువు ఎలా అవుతుంది? అసలు వీటిలో ఏది ఒరిజినల్, ఏది కాపీ? ఇలాంటి బస్టే మన దేశంలో ఎవరింట్లోనో బయటపడితే అది ఎవరి వారసత్వం? ఈ ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ముడి విప్పాలంటే రాయి దగ్గర మొదలుపెట్టాలి.

బస్టు అంటే ఏమిటి, పాలరాయే ఎందుకు

తల, మెడ, భుజాలు, ఛాతీ పైభాగం వరకు మాత్రమే ఉండే శిల్పం బస్టు. మన కూడళ్లలో నిలువెత్తు విగ్రహానికి డబ్బు చాలనప్పుడు పెట్టించేది అదే. కానీ యూరప్‌లో దీన్ని ఖర్చు తగ్గించుకునే మార్గంగా చూడలేదు. రోమన్ల కాలం నుంచీ అదొక ప్రత్యేక కళారూపం. కాళ్లు చేతులు, గుర్రం, సింహాసనం ఏవీ ఉండవు. చెప్పదలుచుకున్నదంతా ముఖంతోనే చెప్పాలి.

పాలరాయి, చలువరాయి రెండూ ఒకటే. సున్నపురాయి భూమి లోపల వేడికి, ఒత్తిడికి లోనై సన్నని స్ఫటికాలుగా మారితే చలువరాయి అవుతుంది. దాని మీద పడిన వెలుగు పైపైనే తిరిగి రాదు, కాస్త లోపలికి దిగి చెదిరి బయటికి వస్తుంది. మన చర్మం మీదా వెలుగు అలాగే ఆడుతుంది. అందుకే మంచి పాలరాతి చెంప ప్రాణమున్నట్టు కనిపిస్తుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో 'వీల్డ్ రెబెకా' ముందు నిలబడినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మేలిముసుగు వెనక ముఖం కనిపించేది రాయి ఇచ్చే ఆ వెలుగుతోనే.

అదే రాయితో ఇబ్బందీ ఉంది. రంగు ఉండదు. కనుపాప నల్లగా ఉండదు కాబట్టి కొందరు శిల్పులు కన్నును నున్నగా వదిలేస్తారు, కొందరు పాప ఉండే చోట చిన్న గుంట తొలిచి అందులో నిలిచే నీడను చూపుగా మారుస్తారు. విక్టోరియా విషయంలో ఇంకో చిక్కు వచ్చిపడింది. 1861 డిసెంబరులో భర్త ఆల్బర్ట్ చనిపోయాక ఆమె బతికినన్నాళ్లూ నల్లబట్టలే కట్టింది. వైధవ్యపు నలుపును తెల్లరాయిలో చూపించడం ఎలా? గుడ్డ మడతల బరువుతో, వంగిన తలతో, కళ్ల కింది ముడతలతో చూపించాల్సిందే. ఆమె పెద్దవయసు బస్టులు చూసేటప్పుడు నేను మొదట వెతికేది దీన్నే.

చెక్కింది ఎవరు? మట్టి, ప్లాస్టరు, రాయి

పాలరాతి బస్టు అనగానే సుత్తి, ఉలి పట్టుకుని రాతిబండ ముందు కూర్చున్న శిల్పి గుర్తొస్తాడు. 19వ శతాబ్దపు లండన్‌లో పని అలా జరిగేది కాదు. మన దగ్గరి ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. ఆళ్లగడ్డలో శిల్పులు కృష్ణశిల మీద గీతలు గీసుకుని నేరుగా రాయిలోనే దేవుడి విగ్రహం చెక్కుతారు. తెనాలిలో నాయకుల విగ్రహాలు చేసేవాళ్లు ముందు మట్టితో ముఖం తయారుచేసి, పోలిక కుదిరిందో లేదో చూపించి, తర్వాత అచ్చు తీస్తారు. విక్టోరియా కాలపు లండన్ స్టూడియో నడిచింది తెనాలి దారిలో.

మొదట రాణి కొన్నిసార్లు శిల్పి ముందు కూర్చుంటుంది. దాన్ని సిట్టింగ్ అంటారు. ఆ సమయంలో శిల్పి తడిమట్టితో ముఖం దిద్దుతాడు. మట్టి ఎండితే పగులుతుంది కాబట్టి వెంటనే ప్లాస్టరు అచ్చు తీస్తారు. రాయి పని దాని తర్వాతే మొదలవుతుంది, దానికి వేరే పనివాళ్లు ఉండేవాళ్లు. ప్లాస్టరు బొమ్మ మీద ముక్కు కొన, గడ్డం, కనుబొమ మూల, చెవి తమ్మె ఇలా వందలకొద్దీ చుక్కలు పెట్టుకుంటారు. పాయింటింగ్ మెషీన్ అనే చట్రానికి కదిలే సూది ఒకటి ఉంటుంది. సూదిని ప్లాస్టరు మీది చుక్కకు ఆనించి, అక్కడే బిగించి, చట్రాన్ని రాతి దగ్గరికి తీసుకెళ్తే ఆ చోట రాయిలోకి ఎంత లోతు వెళ్లాలో తెలుస్తుంది. అంత లోతుకు, ఒక్క పిసరు తక్కువగా తొలుస్తారు. అన్ని చుక్కలూ పూర్తయ్యాక గరుకైన ముఖం బయటపడుతుంది. పైన మిగిలిన పలుచని పొరను తీసేటప్పుడు, అంటే పెదవి చివరలూ కనురెప్పలూ తేల్చేటప్పుడు శిల్పి మళ్లీ దగ్గరికి వస్తాడు. ఒక్కోసారి ఆ పనీ నమ్మకమైన పనివాడికే వదిలేస్తాడు.

ఈ పద్ధతికి ఫ్రాన్సిస్ చాంట్రీ మంచి ఉదాహరణ. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న థామస్ మన్రో కంచు విగ్రహం చేసింది ఈయనే. దత్తమండలాలకు కలెక్టరుగా చేసి రాయలసీమ జనం నోళ్లలో నానిన మన్రో కాబట్టి ఆ విగ్రహం మనవాళ్లకు బాగా తెలుసు. చాంట్రీ కామెరా లూసిడా అనే పట్టకపు పరికరంతో మనిషి ముఖాన్ని ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి కొలతలు తప్పకుండా గీసుకునేవాడు. విక్టోరియా 18 ఏళ్ల వయసులో 1837 జూన్ 20న రాణి అయింది. ఆ తొలి రోజుల్లోనే చాంట్రీ ఆమె బస్టు చేశాడు. అందులో ముఖం నున్నగా, పెదవులు కాస్త విడివడి, మాట మొదలుపెట్టబోతున్నట్టు ఉంటుంది. రాచకుటుంబం దగ్గర ఒకటి ఉంటే, లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో 1841 నాటి ప్రతి ఇంకొకటి ఉంది.

మరి వీటిలో ఒరిజినల్ ఏది? శిల్పి చెయ్యి నేరుగా తగిలింది మట్టికి. ఆ మట్టి ఇప్పుడు లేదు. ఉన్నవన్నీ దాన్నుంచి పుట్టినవే. కాబట్టి ఇక్కడ 'అసలా, నకిలీయా' అని అడిగితే జవాబు దొరకదు. శిల్పి స్టూడియోలో, అతని అనుమతితో, అతని కళ్ల ముందు తయారైన రెండో ప్రతిని రెప్లికా అంటారు. దానికి గౌరవం ఉంది. మన రెబెకా కూడా అలాంటిదే. ఇటలీ శిల్పి బెంజోనీ ఆ బొమ్మను ఒకటికి మించి చేశాడు. అందులో ఒకదాన్ని 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారు. శిల్పికి సంబంధం లేకుండా తర్వాతెప్పుడో ఎవరో చూసి చేసింది కాపీ. శిల్పి చేసిందేనని నమ్మించి అమ్మితే అది నకిలీ. మొదటి తరగతికీ చివరిదానికీ ధరలో నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంటుంది.

వయసు చెప్పిన ముఖం, వయసు దాచిన ముఖం

అన్ని బొమ్మలకూ ఒకే విలువ లేకపోవడానికి రెండో కారణం ఆ ముఖం ఏ వయసుది, ఎవరి కోసం చేసింది అన్నది. దీన్ని చూడ్డానికి లండన్ దాకా పోనక్కర్లేదు, ఒక పాత వెండి రూపాయి చాలు.

మన ప్రాంతంలో చాలా ఇళ్లలో నాయనమ్మల పెట్టెల అడుగున విక్టోరియా రూపాయి ఒకటైనా ఉంటుంది. నిజాం రాజ్యంలో దాన్ని కల్దారు అనేవాళ్లు, నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాతో కలిసిపోకుండా. ఇదొక ఉదాహరణగా తీసుకుని ఆ నాణెం చేతిలో పట్టుకుని చూద్దాం. బరువు 11.66 గ్రాములు. 1862 నాటిదైతే కిరీటం, కంఠహారం, పూలపని చేసిన రవికెతో ఎడమవైపు చూస్తున్న రాణి, చుట్టూ 'విక్టోరియా క్వీన్' అన్న అక్షరాలు ఉంటాయి. అప్పటికి ఆమెకు 43 ఏళ్లు, భర్త పోయి ఏడాది తిరుగుతోంది, ఒంటి మీద నల్లబట్టలే. నాణెం మీద ఆ జాడ లేదు. 1877 నుంచి అక్షరాలు 'విక్టోరియా ఎంప్రెస్' అని మారాయి. ముఖం మాత్రం దాదాపు అదే. 1901లో 81 ఏళ్ల వయసులో ఆమె చనిపోయిన సంవత్సరపు రూపాయి మీద కూడా అదే నడివయసు మహారాణి.

బ్రిటన్‌లో నాణేల మీద రాణికి వయసు వచ్చింది. 1887లో జోసెఫ్ ఎడ్గార్ బోమ్ చేసిన ముఖం వేశారు. తల మీది కిరీటం మరీ చిన్నదిగా ఉందని జనం నవ్వారు. 1893లో దాన్ని తీసేసి, థామస్ బ్రాక్ చేసిన ముసుగు వేసుకున్న ముసలి రాణిని తెచ్చారు. ఇంట్లోవాళ్లకు వయసు మళ్లిన వితంతువు కనిపించింది, వలసలోని మనకు ఎప్పటికీ వాడని ముఖం కనిపించింది. ఎవరైనా కూర్చుని పథకం వేసి ఇలా చేశారని నేననను. పాత అచ్చే వాడుకుంటూ పోవడం టంకశాలకు సులువు. అయినా ఫలితం మాత్రం ఇదే, మన తాతముత్తాతలు ఏళ్ల తరబడి చేతుల్లో పట్టుకున్న రాణికి వయసు రాలేదు.

గిల్బర్ట్ బస్టు ప్రత్యేకత ఇక్కడ తెలుస్తుంది. 1887 నాటికి రాణికి 68 ఏళ్లు. ఉత్సవం కోసం చేయించిన బొమ్మల్లో ముఖాన్ని సాఫు చేసి, కిరీటాన్ని పెద్దది చేసి చూపించడం మామూలు. గిల్బర్ట్ మాత్రం వయసును దాచకుండా ఆ వయసుకే గాంభీర్యం ఇచ్చాడు. పైగా ఆయన లోహం మనిషి. ఇటలీలో మైనపు పోత పద్ధతి నేర్చుకుని వచ్చి బ్రిటన్‌లో దానికి మళ్లీ ప్రాణం పోశాడు. లండన్ పికడిల్లీ సర్కస్‌లో జనం 'ఇరోస్' అని పిలుచుకునే అల్యూమినియం విగ్రహం 1893లో నిలబెట్టింది ఆయనదే. అలాంటివాడు పాలరాయిలో ఇచ్చిన పనులు తక్కువ. పేరున్న శిల్పి, అతని నుంచి అరుదుగా వచ్చిన రాయి, తెలిసిన తేదీ, చేయించినవాళ్ల దగ్గరే గడిపిన చరిత్ర, ఈ నాలుగూ ఒకే బస్టులో కలిశాయి. అదే రాణి, అదే స్వర్ణోత్సవం, కానీ ఎవరు చేశారో తెలియని ఇంకో బస్టుకు ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండకపోవచ్చు.

ఎగుమతి ఆపడం అంటే లాక్కోవడమా?

ఈ విషయంలోనే చాలామంది పొరబడతారు. బ్రిటన్ ప్రభుత్వం ఆ బస్టును స్వాధీనం చేసుకోలేదు, అమ్మొద్దని కూడా అనలేదు. 50 ఏళ్లు దాటిన, నిర్ణీత విలువకు మించిన కళావస్తువు దేశం దాటాలంటే అక్కడ లైసెన్సు కావాలి. దరఖాస్తు వచ్చినప్పుడు నిపుణులు అభ్యంతరం చెబితే విషయం ఒక సమీక్షా సంఘం ముందుకు వెళ్తుంది. ఆ సంఘం మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. ఈ వస్తువు దేశ చరిత్రతో విడదీయరానంతగా ముడిపడి ఉందా? కళగా అసాధారణమైనదా? ఏదైనా రంగంలో అధ్యయనానికి దీని అవసరం ప్రత్యేకంగా ఉందా? ఒక్కదానికి అవునని తేలినా చాలు, లైసెన్సును కొన్ని నెలలు వాయిదా వేయమని సిఫార్సు చేస్తారు.

లెక్క వేసి చూద్దాం. ఒక యజమాని తన బస్టును విదేశీ కొనుగోలుదారుకు 10 లక్షల పౌండ్లకు అమ్మడానికి ఒప్పుకున్నాడనుకోండి. లైసెన్సు వాయిదా పడింది. ఆ గడువులో బ్రిటన్‌లోని మ్యూజియం ఏదైనా అదే 10 లక్షలు తెస్తే, యజమాని దానికే అమ్మవచ్చు. డబ్బులో అతనికి నష్టం లేదు, పోయేది సమయం. గడువులోగా ఎవరూ ముందుకు రాకపోతే సాధారణంగా లైసెన్సు ఇచ్చేస్తారు, వస్తువు వెళ్లిపోతుంది. ఒకవేళ మ్యూజియం డబ్బుతో వచ్చాక యజమాని 'నేనసలు అమ్మను' అంటే? గతంలో అలా జరిగి, నెలల తరబడి చందాలు పోగుచేసినవాళ్లు ఉత్తచేతులతో మిగిలిన సందర్భాలున్నాయి. అందుకే 2021 నుంచి యజమాని ముందే కట్టుబడి ఉండేలా నిబంధన మార్చారు.

ఈ మూడు ప్రశ్నలకు వేవర్లీ ప్రమాణాలు అని పేరు. 1952లో నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడు వైకౌంట్ వేవర్లీ. ఆయన అసలు పేరు జాన్ ఆండర్సన్. 1932 నుంచి 1937 దాకా మన బెంగాల్‌కు గవర్నరుగా ఉన్నది ఆయనే.

ఈ ఏర్పాటును మెచ్చేవాళ్ల మాటలో బలం ఉంది. ప్రైవేటు క్లబ్బు గోడల మధ్య ఉన్న బస్టు ఈరోజు మ్యూజియంలో అందరి కళ్ల ముందుకు వచ్చింది. అది చేయించిన సందర్భం, దాని తోటి శిల్పాలు అన్నీ ఆ దేశంలోనే ఉన్నాయి కాబట్టి అక్కడ ఉంటేనే అర్థం నిండుగా ఉంటుంది. వ్యతిరేకించేవాళ్ల మాటా తీసిపారేసేది కాదు. అంత డబ్బుతో ఇప్పుడు బతికున్న కళాకారుల పనులు ఎన్ని కొనొచ్చు, ఎన్ని పాతవాటిని బాగుచేయొచ్చు? వేరే దేశపు మ్యూజియంలో పెట్టినా జనం చూసేవారే కదా?

తెలుగువాళ్లకు మూడో ప్రశ్న తట్టకుండా ఉండదు. తన రాణి తల దేశం దాటితే నష్టమని భావించే దేశం, ఇతరుల శిల్పాల విషయంలో ఏం చేసింది? వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం తవ్వించి తీసిన శిల్పాలు మొదట మద్రాసు చేరాయి. వాటిలో చాలావాటిని 1859లో లండన్ పంపారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియంలోకి వచ్చాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఇంగ్లీషులో వాటికి 'అమరావతి మార్బుల్స్' అని పేరు పడింది గానీ అవి చలువరాళ్లు కావు, పల్నాటి సున్నపురాయి. పేరు కూడా వాళ్ల కళ్లతో చూసి పెట్టిందే. న్యాయంగా ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. ఎగుమతి నిబంధన ముందుకు చూసే చట్టం, ఇకపై బయటికి వెళ్లేదాన్ని ఆపుతుంది. ఎప్పుడో తెచ్చుకున్నదాన్ని తిరిగి ఇవ్వాలా వద్దా అన్నదానికి అందులో జవాబు ఉండదు. కానీ 'చరిత్రతో విడదీయరానంతగా ముడిపడి ఉందా' అనే ప్రశ్న అమరావతి పలకల గురించి వేసుకుంటే వచ్చే జవాబు ఏమిటో నాకైతే సందేహం లేదు.

మన గడ్డ మీద రాణి: ఎవరిచ్చారు, ఎవరు తారు పూశారు

భారతదేశంలోని విక్టోరియా విగ్రహాలన్నీ బ్రిటిష్ వాళ్లే పెట్టించారనుకుంటే పొరబాటు. బొంబాయిలో మాథ్యూ నోబుల్ చెక్కిన పెద్ద పాలరాతి విగ్రహం 1872లో వచ్చింది, డబ్బు పెట్టింది బరోడా గైక్వాడ్ ఖండేరావు. మద్రాసు సెనేట్ హౌస్ దగ్గర 1887లో పెట్టిన బోమ్ కంచు విగ్రహాన్ని కానుకగా ఇచ్చింది మన తెలుగు జమీందారు, విశాఖపట్నానికి చెందిన గోడే నారాయణ గజపతిరావు.

ఆ తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడాలి. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. సరిగ్గా అప్పుడే బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో జనం తిండి లేక రాలిపోతున్నారు. మనవాళ్లు 'ధాత కరువు' అని ఆ ఏడాది పేరుతోనే గుర్తుపెట్టుకున్నది అదే. 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మందిని మింగిన కరువు అది. పదేళ్లు తిరిగేసరికి అదే ప్రెసిడెన్సీ రాజధానిలో రాణికి విగ్రహం లేచింది.

ఇచ్చినవాళ్లను ఎలా అర్థం చేసుకోవాలి? ఒక చూపు ప్రకారం ఇది బిరుదుల కోసం, దొరల మెప్పు కోసం చేసిన పని. ఇంకో చూపు ప్రకారం, 1858 ప్రకటనలో జాతి మత భేదం లేకుండా ఉద్యోగాలు ఇస్తామని రాణి పేరు మీద మాట ఇచ్చారు. తొలి తరం కాంగ్రెస్ నాయకులు ఆ మాటను పట్టుకునే ప్రభుత్వాన్ని నిలదీశారు. ఇక్కడి దొరల మీద రాణికి మొరపెట్టుకోవచ్చన్న ఆశ చాలామందిలో నిజంగానే ఉండేది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడమూ సాధ్యమే.

అందరూ ఆ ఆశతో లేరు. 1896లో బొంబాయి పాలరాతి విగ్రహానికి ఎవరో తారు పూసి, చెప్పుల దండ వేశారు. ఆ పని తానే చేశానని తర్వాత పుణె విప్లవకారుడు దామోదర్ చాపేకర్ ఒప్పుకున్నాడు. ఇక్కడ రాయి గుణం మళ్లీ కథలోకి వస్తుంది. కంచు మీద తారు పైపైనే ఉంటుంది. పాలరాయికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, తారు లోపలికి ఇంకిపోతుంది. రుద్దితే ఇంకా వ్యాపిస్తుంది. ఆమ్లం వాడితే రాయే కరిగిపోతుంది. చివరికి ఆ మరకలు తీసిపెట్టింది త్రిభువన్‌దాస్ గజ్జర్ అనే భారతీయ రసాయనశాస్త్రవేత్త, ఆ పనితో ఆయనకు పెద్ద పేరొచ్చింది. ఒక భారతీయుడు నల్లగా చేశాడు, ఇంకో భారతీయుడు తెల్లగా చేశాడు. ఆ విగ్రహం ఇప్పుడు బైకుల్లాలోని భావు దాజీ లాడ్ మ్యూజియంలో ఉంది.

బయటి దేశాల్లో కూడా ఒకే దారి లేదు. డబ్లిన్‌లో పార్లమెంటు ఆవరణ నుంచి 1948లో తీసేసిన విక్టోరియా విగ్రహం దశాబ్దాల తర్వాత ఆస్ట్రేలియా చేరి సిడ్నీ నడిబొడ్డున కూర్చుంది. ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్ల దగ్గర సమాధుల వార్తలు బయటికొచ్చాక, 2021లో కెనడాలోని విన్నిపెగ్‌లో జనం ఆమె విగ్రహాన్ని కూలదోశారు, తలను నదిలో వేశారు. విజయవాడలో రాణి స్వర్ణోత్సవం పేర కట్టిన విక్టోరియా జూబ్లీ మ్యూజియం కట్టడం ఉంది. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపించిన ఏఐసీసీ సమావేశాలతో ముడిపడిన చోటు అదే, దాని పేరు ఇప్పుడు బాపు మ్యూజియం. పడగొట్టడం, పంపేయడం, పేరు మార్చి వాడుకోవడం, మ్యూజియంలో పెట్టి పక్కన చరిత్ర రాయడం. నా మనసు చివరిదాని వైపు మొగ్గుతుంది, పక్కన రాసే పలకలో ధాత కరువు కూడా ఉండాలన్న షరతుతో.

ఇలాంటి బస్టు మన దగ్గరే బయటపడితే

ఒక ఊహాజనితమైన ఉదాహరణ. పాత జమీందారు ఇల్లు అమ్మేటప్పుడు మెట్ల కింద తెల్లటి రాణి బస్టు దొరికింది. మొదట తేల్చుకోవాల్సింది అది రాయేనా అని. 19వ శతాబ్దంలో పేరియన్ అనే తెల్లటి పింగాణీతో చిన్న బస్టులు వేలల్లో పోసి అమ్మారు, దూరం నుంచి చూస్తే పాలరాయిలాగే ఉంటాయి. తిరగేసి చూస్తే లోపల డొల్లగా ఉంటుంది, అచ్చు అతుకు గీత కనిపిస్తుంది. ప్లాస్టరూ అంతే, పెచ్చు లేచిన చోట సుద్దలా రాలుతుంది. బరువు అబద్ధం చెప్పదు. నిండు మనిషి కొలతలో ఉన్న బస్టు 25 లీటర్ల చోటు ఆక్రమిస్తుందనుకుంటే, పాలరాయి లీటరుకు 2.7 కిలోలు కాబట్టి 67 కిలోలకు పైగా తూగాలి. ఒక్కరు ఎత్తి పక్కన పెట్టగలిగారంటే అది పాలరాయి అయ్యే అవకాశం తక్కువ.

రాయేనని తేలితే భుజం వెనక చూడాలి. శిల్పి పేరు, ఏడాది, పక్కన 'ఎస్‌సి' అన్న అక్షరాలు ఉంటే 'చెక్కెను' అని అర్థం. పేరు ఉన్నంతమాత్రాన అతని చేతిపనే అనుకోకూడదు, లేనంతమాత్రాన పనికిరానిదీ కాదు. కొన్నప్పటి రసీదు, ఇంటి పాత ఫోటోలో అది కనిపించడం, కుటుంబ కాగితాల్లో ప్రస్తావన, వీటికి సంతకమంత విలువ ఉంది.

చింతపండు, నిమ్మకాయ మాత్రం దాని దగ్గరికి తేవద్దు. ఇత్తడి విగ్రహాలను మెరిపించే ఆ పులుపే పాలరాయిలోని కాల్షియం కార్బొనేట్‌ను తినేస్తుంది. నున్నటి చెంప ఒక్క పూటలో మొద్దుబారుతుంది, ఆ మెరుపు మళ్లీ రాదు.

ఇక చట్టం. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన శిల్పం పురావస్తువే. అందులోని బొమ్మ ఎవరిదన్న ప్రశ్న చట్టంలో లేదు. కాబట్టి 1887లో లండన్‌లో చెక్కి ఓడలో వచ్చిన విక్టోరియా తల కూడా ఈరోజు మన లెక్కలో భారతీయ పురావస్తువు. రాతి శిల్పం కాబట్టి పురావస్తు శాఖ దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. సొంతంగా ఉంచుకోవచ్చు, నిబంధనల ప్రకారం దేశంలో అమ్మవచ్చు. దేశం దాటించడం మాత్రం కుదరదు. దొంగచాటుగా పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. బ్రిటన్‌లోలా 'మా దేశంలో ఎవరూ కొనలేదు కాబట్టి పంపించండి' అనే గడువు పద్ధతి మన చట్టంలో ప్రైవేటు వ్యక్తులకు లేదు. పెట్టెలోని ఆ 1862 రూపాయికీ వందేళ్లు దాటాయి కాబట్టి అమెరికాలో ఉన్న మనవడికి కానుకగా పంపాలన్నా ఇదే చట్టం అడ్డొస్తుంది.